కడుగు గిన్నె

ఆపొలోనియా పెట్టెలు విప్పుతోంది.

శుక్రవారం నాడు కట్టించిన పెట్టెలు అవి. రెండు రోజులుగా గుమ్మం పక్కన వరసగా నిలబడి, వచ్చేపోయే వాళ్ళ మోకాళ్ళకి తగులుతూ, ఇంట్లో అందరి చేతా తిట్లు తిన్నాయి. ఇప్పుడు వాటి మూతలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఏడో నెల కడుపుతో ఆవిడ నేలమీదే చతికిలబడి, ఉన్ని బట్టలు ఒక్కొక్కటీ తీసి మంచంమీదకి విసురుతోంది.

"వదినా, అలా గుమ్మంలోనే నిలబడిపోయారేం? రండి. ఇవి మడతపెట్టి అల్మరాలో సర్దండి. మీరు మడిచినట్టు బార్బల్‌కి చేతకాదు."

పక్కనే ఉన్న దాసీ బార్బల్ మూతి ముడుచుకుంది. ఓటిలియా లోపలికొచ్చి మంచం అంచున కూర్చుని ఒక లంగా చేతిలోకి తీసుకుంది.

హార్టెనౌ దొర డీట్మార్‌కి ఆవిడ ఒక్కగానొక్క అక్క. నది అవతల పునీత గెర్ట్రూడ్ సన్యాసినుల మఠానికి పెద్దమ్మ. పవిత్ర వారం గడిచేదాకా మరదలికి తోడుండమని తమ్ముడు బతిమాలితే వచ్చింది. వచ్చే ఆదివారానికల్లా మఠానికి తిరిగి వెళ్ళిపోవాలి.

"మీరు చూశారు కదా?" అంది ఆపొలోనియా. "మీ కళ్ళతో మీరు చూశారు కదా?"

"చూశాను."

"పొద్దున పండగ పూజలో మీ తమ్ముడు రెండు చేతులతో పట్టుకున్నారు పాత్రని. ఏదో పెదాలకి తాకించినట్టు కాదు. తల వెనక్కి వాల్చి, గుటకలేసుకుంటూ తాగారు. నా గుండె ఆగిపోయిందనుకోండి. వెనకాల తోళ్ళపని వాళ్ళ వరసలోంచి ఎవడో కొత్త బోధ నమ్మే మా వాళ్ళ పాట ఎత్తుకున్నాడు చూడండి, ఒకడు పాడితే పదిమంది, పదిమంది పాడితే గుడంతా! మా అన్నయ్య ఊళ్ళో కూడా అంత గొంతెత్తి పాడరు."

ఓటిలియా లంగా మడిచింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

"నాకొక్క మాట ముందు చెప్పలేదు చూడండి ఆయన," అంది ఆపొలోనియా, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ. "నలభై రోజుల ఉపవాసాలు మొదలైన విభూది బుధవారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు కదా. బండి కూడా వచ్చి కూర్చుంది. ఇంక వెళ్ళిపోతున్నాను, బిడ్డ అన్నయ్య దగ్గరే పుడుతుంది, అక్కడే జ్ఞానస్నానం, అనుకుని రాయి చేసుకున్నాను మనసుని. ఇవాళ ఏకంగా బలిపీఠం ముందు చెప్పారు జవాబు. రొట్టె అందరికీ, ద్రాక్షసారా పాత్ర గురువుకి మాత్రమే అనే ఆ పాత పద్ధతిని ఊరందరి ముందూ పక్కకి నెట్టేశారు. ఎంత పొగరు మనిషండీ!"

ఆ పొగరు అన్న మాటలో ఎంత ముద్దుందో విని బార్బల్ కూడా నవ్వింది. ఓటిలియా మాత్రం లంగా అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ పాత్ర నింపింది ఆవిడే.

"వదినా, ఏడుస్తున్నారా?"

"లేదమ్మా. ఉన్ని దుమ్ము."

"మీకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు," అంది ఆపొలోనియా గొంతు తగ్గించి, పాకుతున్నట్టే దగ్గరికొచ్చి ఆవిడ మోకాలిమీద చెయ్యి వేసి. "మీ మఠానికి నేను మాట ఇస్తున్నాను. మా అన్నయ్య చేసినట్టు ఇక్కడ జరగనివ్వను. మీ ముసలమ్మల్ని ఎవరూ బయటికి పొమ్మనరు."

ఆపొలోనియా మనస్ఫూర్తిగానే అంది. వాళ్ళన్నయ్య కూడా మొదట అలాగే అన్నాడని ఓటిలియాకి తెలుసు. ఆ దేశంలో మఠాలకి ఆర్నెల్లు గడువిచ్చి, వెళ్ళదలుచుకున్నవాళ్ళు ఇళ్ళకి వెళ్ళవచ్చు, పెళ్ళి చేసుకోదలుచుకున్నవాళ్ళు చేసుకోవచ్చు అని చాటింపు వేయించారు. డెబ్భై ఏళ్ళ సిస్టర్ గీసెలాని ఎవరు చేసుకుంటారో ఆ చాటింపులో చెప్పలేదు.

"భోజనం కాగానే క్రాఫ్ట్ గారు బయల్దేరతారు," అంది ఆపొలోనియా. క్రాఫ్ట్ గారంటే ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి అన్నగారు పంపిన దివాను. "నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన మనిషి ఈ కబురు తీసుకెళ్తాడు. ఎల్లుండికల్లా మా అన్నయ్యకి తెలుస్తుంది. వారంలో దేశదేశాలకీ తెలుస్తుంది."

భోజనానికి ఇంకా గంటన్నర ఉంది. ఓటిలియా లంగాని అల్మరాలో పెట్టి, తమ్ముణ్ణి చూసొస్తానని లేచింది.

డీట్మార్ దొరగారు తన గదిలో కుర్చీలో కూర్చుని వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. పండగ అంగరఖా విప్పి కుర్చీ చేతిమీద వేశాడు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"తలుపు వేసెయ్ అక్కా. గాలి కొడుతోంది."

"జలుబు తగ్గలేదా?"

"ఆ అవిసెనూనె కూరలు నలభై రోజులు తింటే ఏం తగ్గుతుంది? గొంతులో జిడ్డు పేరుకుపోయింది. పొద్దున రొట్టె అంగిట్లో అతుక్కుపోయి ఊపిరాడలేదు. అందుకే అలా గటగటా తాగేశాను." అని ముక్కు తుడుచుకున్నాడు. "అక్కా, నేను తాగిందేమిటి?"

అడుగుతాడని తెలుసు.

"నీళ్ళు కలిపిన వంటింటి ద్రాక్షసారా," అంది. "కడుగు గిన్నెలో పోసేదే."

"అనుకున్నాను. పుల్లగా ఉంది. వెండెలిన్ గురువుగారు తన కోసం అంత పుల్లనిది పెట్టుకోడు." నవ్వబోయి దగ్గాడు. "మరి ఆ పాత్రేమిటి?"

పండగనాడు రొట్టె తీసుకున్నవాళ్ళకి నోరు కడుక్కోవడానికి గురువు పూజ చెయ్యని మామూలు ద్రాక్షసారా ఒక గుక్క ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. పవిత్రమైన రొట్టె ముక్క పళ్ళ సందుల్లో మిగిలిపోకూడదని. దానికి కాడలేని వెడల్పాటి గిన్నె ఒకటి ఉంది, అది చూస్తే చిన్నపిల్లలు కూడా ఇది కడుగు గిన్నె అని చెబుతారు. గురువుగారి పాత్రకి కాడ ఉంటుంది. హార్టెనౌలో తేడా అంతే. కానీ ఆ కాడ కోసం చుట్టుపక్కల ఏడు సంస్థానాల్లో జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడటం మానేశారు.

"గిన్నె పెట్టెలో ఉంది," అంది ఓటిలియా. "తాళంచెవి గుడి కాపలా ముసలాయన దగ్గరుంది. ఆయన జ్వరంతో పడుకున్నాడు, అందుకే ఇవాళ సామాను నేను సర్దాను. మనిషిని పంపిద్దామంటే అప్పటికే గంట కొట్టేశారు. నాయనమ్మ గుడికిచ్చిన పాత కాడ పాత్ర బయట బల్లమీద ఉంది. దాన్ని పూజలో వాడటం మానేసి ఇరవై ఏళ్ళయింది కదా. అందులో పోశాను. గురువుగారికి చూపు సగం లేదు, చేతికేదిస్తే అదే."

"ఏ గిన్నె అయితేనేం అనుకున్నావు."

"అనుకున్నాను."

"ఇరవై ఏళ్ళు మఠంలో పూజసామాను చూసిన దానివి నువ్వు."

"తిట్టాలంటే తిట్టు తమ్ముడూ."

"తిట్టడం లేదే. నవ్వొస్తోంది నాకు." నవ్వు రాలేదు ఆయనకి. "ఇద్దరు బోధకులు, ముగ్గురు రాయబారులు, నా బావమరిది, నా పెళ్ళాం, అందరూ కలిసి తొమ్మిదేళ్ళుగా చెయ్యలేని పని నువ్వు ఒక్క తాళంచెవి దొరక్క చేసేశావు. హార్టెనౌ మారిపోయిందట! బయట పాటలు వినబడుతున్నాయా?"

వినబడుతున్నాయి. కిటికీ కింద వీధిలో జనం ఇంకా ఇళ్ళకి పోలేదు. ఎవడో మద్దెల కూడా తెచ్చాడు.

ఓటిలియా వంగి తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. నీళ్ళు చల్లారిపోయాయి. పొయ్యిమీది చెంబులోంచి వేడినీళ్ళు తెచ్చి పోసింది. చిన్నప్పుడు కూడా ఆవిడే పోసేది.

"అక్కా, నేనిప్పుడు ఊరుకున్నాననుకో," అన్నాడు డీట్మార్.

ఆవిడ చెంబు పక్కన పెట్టింది.

"అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. ఊరుకుంటే చాలు. భోజనానికి దిగి, ముక్క తిని, క్రాఫ్ట్ గారికి శుభ ప్రయాణం చెప్పి పంపేస్తే చాలు. మిగతాదంతా వాళ్ళే రాసుకుంటారు. ఎప్పుడో రాసిపెట్టుకున్నారు కూడా, తేదీ ఒక్కటే ఖాళీ. ఇద్దరు పోయాక, పెళ్ళయిన పదకొండేళ్ళకి మళ్ళీ కడుపు పండింది, ఆ బిడ్డ నా ఇంట్లో పుడుతుంది. పూజ అయ్యాక మెట్లు దిగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, తెలుసా? వేళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్నట్టు."

"చూశాను."

"అన్నీ చూస్తావు నువ్వు. మాట్లాడవు."

ఓటిలియా చెంబు తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యిమీద పెట్టింది.

"నీ మఠం గురించి ఒక్క మాటైనా అనవేం? పంతొమ్మిది మంది ముసలివాళ్ళు. వాళ్ళ గొంతు నువ్వు కాకపోతే ఎవరు?"

"అంటే నా కోసం అన్నట్టుంటుంది," అంది ఆవిడ. "నా తప్పుతో వచ్చిన చిక్కుని నా లాభం కోసం విప్పమన్నట్టుంటుంది. అందుకే అనను. నువ్వు ఏం చేసినా నీకోసం చెయ్యి."

డీట్మార్ ఒక కాలు నీళ్ళలోంచి తీసి తొట్టి అంచున ఆనించాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఆ తొట్టి ముందు అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"ఎవరూ నమ్మని సంగతి ఒకటి చెప్పనా? నేను నమ్ముతున్నానక్కా. పాత పద్ధతినే నమ్ముతున్నాను. పోపుగారు నాకేదో ఇస్తారని కాదు, చక్రవర్తికి భయపడీ కాదు. నేను నమ్ముతున్నానని అంటే అవతలివాళ్ళు కన్నుకొట్టి, సరే అసలు కారణం చెప్పండి అంటారు. ఆపొలోనియా కూడా అలాగే అనుకుంది. ఎంతసేపూ నేను దేనికోసమో ఆగుతున్నానని ఆవిడ ఉద్దేశం." తువ్వాలు అందుకుని ఒక పాదం తుడుచుకున్నాడు. "అలసిపోయాను. నమ్మి అలసిపోలేదు, చెప్పి అలసిపోయాను."

"మరి ఏం చేస్తావు?"

"ముందు భోజనం చేద్దాం పద. వెన్న వాసన వస్తోంది."

పండగ బల్లమీద గురువుగారు ఆశీర్వదించిన తిండి పరిచి ఉంది. ఉప్పులో ఊరిన పంది తొడ, ఎర్రరంగు వేసిన గుడ్లు, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ. దాని కళ్ళకి మిరియాల గింజలు పెట్టారు. నలభై రోజుల తర్వాత వెన్న చూసిన బల్ల అది. మామూలుగా అయితే ఆ గొర్రెపిల్లకి తల మిగిలేది కాదు. ఇవాళ దాన్నెవరూ ముట్టుకోలేదు, అందరి కళ్ళూ దొరగారిమీదే ఉన్నాయి.

క్రాఫ్ట్ గారు మాత్రం తృప్తిగా తింటున్నాడు. ప్రయాణం బూట్లు వేసుకునే వచ్చి కూర్చున్నాడు.

"మా దొరగారు ఎంత సంతోషిస్తారో చెప్పలేను," అన్నాడు, దొరగారి వైపు గ్లాసు ఎత్తి. "తొమ్మిదేళ్ళు బావగారిమీద ఆశ వదులుకోలేదండీ ఆయన. ఒక్కొక్కసారి మాకే విసుగొచ్చేది."

"మాకూ వచ్చేది," అన్నాడు డీట్మార్.

అందరూ నవ్వారు. ఓటిలియా తన కంచంలోకి చూస్తూ కూర్చుంది. తమ్ముడు ఊరుకుంటున్నాడు. పంది తొడ ముక్క నములుతున్నాడు, రొట్టెకి వెన్న రాస్తున్నాడు, ఊరుకుంటున్నాడు. సరే, అనుకుంది ఆవిడ. బతికినన్నాళ్ళు ఈ పాపం నేనే మోస్తాను. గీసెలాని ఎక్కడికి పంపాలా అని కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆపొలోనియా లేచింది. కడుపుమీద చెయ్యి ఆనించుకుని బల్ల చుట్టూ తిరిగొచ్చి, గంపలోంచి ఎర్రగుడ్డు ఒకటి తీసి, భర్త పక్కన నిలబడి, బల్ల అంచుకి కొట్టి పెంకు ఒలిచింది.

బార్బల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. పండగ గుడ్డు మొగుడూ పెళ్ళాం పంచుకుని తింటే, ఎప్పుడైనా దారి తప్పినప్పుడు ఎవరితో పంచుకున్నామో తలుచుకుంటే దారి దొరుకుతుందని ఆ ఇంట్లో తాతల నాటి నమ్మకం. కొత్త బోధ విన్నాక ఆపొలోనియా దాన్ని ముట్టుకోలేదు. గుడ్డుకి మంత్రాలేమిటి, రేపు ముల్లంగికి కూడా చదువుతారా అని రెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర అంటే, దొరగారు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆవిడే గుడ్డుని కత్తితో రెండు ముక్కలు చేసి, ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది.

"నాకు దీనిమీద నమ్మకం లేదు," అంది అందరికీ వినబడేలా. "కానీ మీరు నాకోసం పాత్ర ఎత్తారు. నేను మీకోసం గుడ్డు తింటే అరిగిపోతానా?"

తనది నోట్లో పెట్టుకుని నమిలి మింగేసింది. చిన్నపిల్ల మందు మింగినట్టు మొహం పెట్టి, తర్వాత నవ్వింది. బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు. క్రాఫ్ట్ గారు కూడా కొట్టి, ఇంక సెలవంటూ లేచి నిలబడ్డాడు.

డీట్మార్ అరచేతిలో గుడ్డు ముక్క అలాగే ఉంది.

"కూర్చోండి క్రాఫ్ట్ గారూ," అన్నాడు. "మీరు తీసుకెళ్తున్న కబురు సరైంది కాదు."

"అంటే?"

"పొద్దున నేను తాగింది కడుగు గిన్నెలోది. నోరు కడుక్కునే ద్రాక్షసారా. పాత్ర మారింది, అంతే. నేను మారలేదు." దగ్గు వచ్చింది, ఆపుకున్నాడు. "మారను కూడా. మీ దొరగారికి అలాగే చెప్పండి."

కిటికీ కింద మద్దెల ఇంకా మోగుతూనే ఉంది, వాళ్ళకి ఇంకా తెలియదు కదా.

"హాస్యమా?" అంది ఆపొలోనియా.

"కాదు."

"ఎవరికీ తెలియదు కదా," అంది ఆవిడ, బతిమాలుతున్నట్టుగా. ఆ మాట అంత మెల్లిగా రావడం ఓటిలియా ఎన్నడూ వినలేదు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ. నాకు కూడా. బిడ్డ పుట్టేదాకా ఆగినా సరిపోయేది. ఎందుకు చెప్పారు?"

"నువ్వు గుడ్డు తిన్నావు," అన్నాడు డీట్మార్.

"అయితే?"

"నమ్మకం లేదని చెప్పి మరీ తిన్నావు. నీ దగ్గర దాపరికం లేదు. నువ్వు తినకుండా ఉంటే ఊరుకునేవాడినేమో. నిజంగానే ఊరుకునేవాడిని. గదిలోంచి దిగేటప్పుడు అదే అనుకుని దిగాను."

ఆపొలోనియా ఆయన్ని కొట్టలేదు, అరవలేదు. తిరిగి చూసింది. ఆ చూపు క్రాఫ్ట్ గారిని దాటి, బార్బల్‌ని దాటి, వచ్చి ఓటిలియా దగ్గర ఆగింది.

"గుడిలో గిన్నెలూ పాత్రలూ సర్దింది మీరే కదా వదినా?"

"నేనే."

"అంటే మీకు తెలుసు."

"తెలుసు."

"నా లంగాలు మడతపెట్టేటప్పుడు కూడా తెలుసు."

ఓటిలియా తలూపింది.

"నేను మీ మఠానికి మాటిచ్చేటప్పుడు కూడా తెలుసు," అంది ఆపొలోనియా. "బాగుంది." కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుని, తలుపు వైపు నడిచింది. వెనక్కి తిరక్కుండానే అంది: "క్రాఫ్ట్ గారూ, బండి కట్టించండి."

ఆవిడ అడుగుల చప్పుడు మెట్లమీద వినబడినంతసేపూ డీట్మార్ కదల్లేదు. తర్వాత తన చేతిలో ముక్క నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా, నెమ్మదిగా నమిలి తిన్నాడు.

మళ్ళీ పెట్టెలు. ఆపొలోనియా ఈసారి నేలమీద కూర్చోలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చేత్తో చూపిస్తోంది. బార్బల్ ఏడుస్తూ అందిస్తోంది, ఓటిలియా మడిచి పెట్టెలో పెడుతోంది. పొద్దున మడతపెట్టిన చేతులే సర్దాలని ఆపొలోనియా పట్టుబట్టింది.

"ఆ నీలం లంగా కింద పెట్టండి. దారిలో అక్కర్లేదు."

పెట్టింది.

"మీమీద నాకు కోపం లేదనుకోకండి. ఉంది."

"ఉండాలి."

"అలా ఒప్పేసుకోకండి! అన్నీ ఒప్పేసుకుంటే నేనెవరితో దెబ్బలాడను?" అంది ఆపొలోనియా. "ఆయనతో దెబ్బలాడటానికి లేదు, ఆయన నిజమే చెప్పారు. నేను తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నది అదే కదా, నిజం చెప్పండి, నమ్మింది చెప్పండి అని. చెప్పారు. ఇంక నేనేం అనను?"

ఓటిలియా దగ్గరికి వెళ్ళబోయింది. ఆపొలోనియా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"వెళ్ళక తప్పదా?" అంది ఓటిలియా.

"నా బిడ్డకి నేను నమ్మినట్టు జ్ఞానస్నానం జరగాలి. ఇక్కడుంటే వెండెలిన్ గురువుగారు తన సగం చూపుతో చేస్తారు. ఆయనేమో నమ్మింది వదలరు. నేను మాత్రం వదలాలా?" ముక్కు చీదుకుంది. "ఇందులో తప్పెవరిదో మీరు చెప్పండి, వినిపోతాను."

ఓటిలియా పెట్టె అడుగున చెయ్యి పెట్టి సర్దింది. చేతికి మెత్తగా ఏదో తగిలింది. చంటిపిల్ల టోపీ, పిడికిలంత ఉంది. పొద్దున విప్పినప్పుడు అడుగునే మిగిలిపోయినట్టుంది. దాని అంచు కుట్టింది ఓటిలియానే, తపస్కాలంలో, మఠం పొయ్యి దగ్గర కూర్చుని.

"రెండుసార్లు మీ చేతుల్లోనే పోయారు నా పిల్లలు," అంది ఆపొలోనియా. ఓటిలియా చెయ్యి ఆగింది. "మీ తప్పని కాదు. ఆ రెండుసార్లూ నేను బతికిందీ మీ చేతులవల్లే. మా అన్నయ్య ఇంట్లో మంత్రసానులు ముగ్గురున్నారట. వాళ్ళెవరూ నాకు తెలియదు. నాకు భయంగా ఉంది వదినా."

"ఆపొలోనియా..."

"నాతో రండి."

బార్బల్ ఏడుపు ఆపింది.

"రెండు నెలలు. బిడ్డ నిలదొక్కుకునేదాకా ఇంకో నెల. అంతే."

"బిషప్పుగారి అనుమతి లేకుండా నేను నది దాటి ఇక్కడికి రావడమే ఎక్కువ," అంది ఓటిలియా. "మీ అన్నగారి దేశంలోకి వెళ్తే మళ్ళీ మఠం నన్ను లోపలికి రానివ్వదు. అక్కడ ఈ ముసుగుతో వీధిలో నడవనివ్వరు. నీకు తెలుసు."

"తెలుసు. తెలిసే అడుగుతున్నాను." ఆపొలోనియా తిన్నగా చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ చూపు తప్పుకోలేదు. "మీ తమ్ముడు ఇవాళ తన మాటమీద నిలబడ్డారు. దానివల్ల మీ మఠం నిలబడింది. దానికి ఆయన పోగొట్టుకున్నది ఆయన పోగొట్టుకున్నారు, నేను పోగొట్టుకున్నది నేను పోగొట్టుకున్నాను. ఆ పాత్ర నింపింది మీరు. మీరేం పోగొట్టుకున్నారు?"

కింద గుర్రాలకి జీనులు బిగిస్తున్న చప్పుడు. మద్దెల ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. వీధిలో ఎవరో గట్టిగా వాదించుకుంటున్నారు, మరెవరో తలుపు వేసుకున్నారు.

"బండి కట్టేలోపు చెప్పండి," అంది ఆపొలోనియా.

నది అవతల నుంచి మఠం గంట వినబడింది. మధ్యాహ్నం ప్రార్థన. పంతొమ్మిది మంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుడిలోకి నడుస్తూ ఉంటారు, ముందు వరసలో తన కుర్చీ ఖాళీగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గంట ఎక్కడ వినబడినా, చేతిలో ఏ పనున్నా, ఓటిలియా లేచి నిలబడేది. జ్వరంలో కూడా నిలబడింది. నాన్నగారి శవం పక్కన కూడా నిలబడింది.

ఇవాళ లేవలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీలు వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ అలాగే కూర్చుంది. గంట పన్నెండుసార్లు మోగి ఆగిపోయింది.

ఆపొలోనియా అది చూసింది, అదే జవాబనుకుంది. ఇంకేమీ అడగలేదు. బార్బల్ వైపు తిరిగి, గోడకి తగిలించిన ఓటిలియా నల్ల శాలువాని చూపించింది.

"అది కూడా పెట్టెలో పెట్టు," అంది. "పైన పెట్టు. దారిలో చలేస్తుంది."

బార్బల్ శాలువా తీసి, పెద్దమ్మ మొహంలోకి చూసి, వద్దంటుందేమోనని పెట్టె దగ్గర నిలబడింది.

వద్దనడానికి ఓటిలియా నోరు తెరిచింది. కింద బండివాడు ఎవరెవరు ఎక్కుతున్నారని కేకేశాడు.